ఆపినవాళ్లే చెప్పాలి

క్రేను నిచ్చెన ఎక్కబోతూ ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంది. బిగిసిందో లేదో వేలు దూర్చి చూసుకుంది. నాలుగు మెట్లు ఎక్కాక ఆగి మళ్లీ చూసుకుంది. కింద నిలబడ్డ మేస్త్రీ అది గమనించాడు. గమనించినట్టు కనపడకూడదని గేటు వైపు తిరిగి, డ్రైవరే లేని లారీని ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు.

పెళ్లికి ముందు ఆమె ఈ మేస్త్రీ దగ్గరే క్రేను నడిపింది. అప్పట్లో సైటులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పైన ఉంటుంది కాబట్టి పైనక్క. ఆమె కంటే పెద్దవాళ్లూ పైనక్కే అనేవారు. భోజనాల వేళ దిగి వస్తే, "పైనక్క కిందికొచ్చింది, వాన పడుతుందేమో చూడండ్రా" అని ఎవరో ఒకరు అనాల్సిందే, మిగతావాళ్లు నవ్వాల్సిందే.

పెళ్లయ్యాక భర్త ఆ పని మానిపించాడు. మానెయ్యమని ఒక్కసారి కూడా అనలేదు. "నీ ఇష్టం. కాకపోతే నువ్వున్న స్థితిలో అంత ఎత్తున కూర్చోవడం, కింద మనుషులుండడం" అని అక్కడితో ఊరుకునేవాడు. తన స్థితి ఏమిటో ఆమెకు మొదట్లో అర్థం కాలేదు. పోనుపోనూ అతనే అర్థమయ్యేలా చేశాడు. తాళంచెవి పెట్టినచోట ఉండేది కాదు. వెతికి వెతికి అలిసిపోయాక అతను వచ్చి బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చేవాడు. కోప్పడేవాడు కాదు. తల నిమిరి, "పోనీలే, నేనున్నాను కదా" అనేవాడు. చుట్టాలు వస్తే వాళ్ల ముందు ఆ కథే చెప్పి, నవ్వి, "పాపం, తనేం చేస్తుంది" అని ముగించేవాడు. వింటున్నవాళ్లు అతని ఓపికను మెచ్చుకునేవారు.

ఒకరోజు ఆమె స్నానాల గదిలో కుళాయి కట్టేసి, తువ్వాలు ఆరేయడానికి వెళ్లి, తలుపు చాటునుంచి చూసింది. అతను లోపలికి వెళ్లి కుళాయి తిప్పాడు. నీళ్లు పోతుంటే బయటికి వచ్చి ఆమెను పిలిచాడు. మళ్లీ మరిచిపోయావు అన్నాడు. మీరే తిప్పారు, నేను చూశాను అంది ఆమె. అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, ఇక డాక్టరుకు చూపించక తప్పదు అన్నాడు. ఆ రాత్రికి ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగా చూశానా, చూశాననుకున్నానా? ఆ అనుమానం వచ్చినందుకే ఆమెకు భయం వేసింది. ఆ భయంతోనే సంచి సర్దుకుని అన్నయ్య ఇంటికి వచ్చింది.

అన్నయ్య మంచివాడే. అంతా విని, "కుళాయి కోసం కాపురం వదులుకుంటారా ఎవరైనా?" అన్నాడు. వదిన ఊరుకోలేదు. "మీరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. మిమ్మల్ని నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానా?" అంది. అన్నయ్య నెత్తి తడుముకున్నాడు. కళ్లజోడు అక్కడే ఉంది. ఆ పూటకు మాట అక్కడితో తెగింది. తరువాత భర్త అన్నయ్యకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆమె మళ్లీ క్రేను ఎక్కబోతోందని తెలిశాక ఆ ఫోన్లు ఎక్కువయ్యాయి. అతను చెప్పేది ఒకటే. బావగారూ, తనకు చెయ్యి మీద అదుపు లేదు, మనసు మీద అదుపు లేదు, ఎవరి ప్రాణమో తీస్తుంది, ఆ పాపం మీకూ నాకూ చుట్టుకుంటుంది.

ఆ మాట అన్నయ్యను తాకిందో లేదో కానీ ఆమెను తాకింది. ప్రాణం తీస్తుంది. తీయదని ఆమె ఎవరికి చెప్పగలదు? బస్సెక్కి సైటుకు వస్తూ ఆమె తనలో తాను ఒక పందెం వేసుకుంది. ఈరోజు మేస్త్రీ తన పని చూస్తాడు. తన చెయ్యి తనకు నిజం చెబితే, భర్త చెప్పినవన్నీ అబద్ధాలు. చెయ్యి అబద్ధం చెబితే అతను చెప్పిందే నిజం, సంచి సర్దుకుని అతని వెంట వెళ్లిపోవాలి. ఇక అందులో మారుమాట లేదు.

పైన క్యాబిన్‌లో కుర్చీ మారింది. మీటలు మారలేదు. ఎడమ చేతిది క్రేనును తిప్పడానికి, హుక్కు వేలాడే ట్రాలీని ముందుకూ వెనక్కూ నడపడానికి. కుడి చేతిది ఎత్తడానికి, దించడానికి. ఆమె చేతులు పెట్టి చూసుకుంది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

కింద సైగలు చేసే కుర్రవాడు కొత్తవాడు. వాకీటాకీ చేతికిస్తే చాలు, అవసరమైనదీ కానిదీ మాట్లాడుతూనే ఉంటాడని వాడికి రేడియో అని పేరు పెట్టారు. వాడి గొంతు వచ్చింది.

"పైనక్కా, గాలి ఎలా ఉంది పైన? ఇక్కడ ఉక్కపోతగా ఉంది. కొంచెం కిందికి పంపించు."

ఆమె గాలి మామూలుగానే ఉందని మాత్రం చెప్పింది. మొదట ఇనుప కడ్డీల కట్టలు ఎత్తారు. తరువాత చెక్క పలకలు. అవి బరువైనవి కావు. ఒక్కో కట్ట దించాక ఆమె కిందికి చూసి, ఎవరూ పడిపోలేదని రూఢి చేసుకునేది. ఎవరూ పడిపోరని తనకే తెలుసు. అయినా చూసేది.

తరువాత లారీ మీద కాంక్రీటు గోడలు వచ్చాయి. కిటికీ ఖాళీలతో సహా పోతపోసిన పెద్ద పలకలు. లారీ నడుస్తున్నప్పుడు కదలకుండా ఒక్కోదాన్నీ గొలుసులతో లారీకి బిగిస్తారు. ఎత్తేముందు అవన్నీ విప్పాలి. ఒక్క గొలుసు విప్పడం మరిచినా, క్రేను గోడతో పాటు లారీనీ లాగుతుంది. గొలుసు తెగితే గోడ తిరిగి వచ్చి ఎదురుగా ఉన్నవాళ్లను కొడుతుంది. క్రేను మీద పనిచేసేవాళ్లందరికీ ఈ కథ తెలుసు. ఎవరికివారు తాము చూసిన సైటు సంగతి చెబుతారు.

లారీ మీద ఇద్దరు ఉన్నారు. గోడకు కట్టిన బెల్టులు హుక్కుకు తగిలించి, దూరంగా జరిగి, ఒకడు బొటనవేలు ఎత్తాడు. రేడియో ఎత్తమన్నాడు. ఆమె కుడి చెయ్యి మీటను మెల్లగా వెనక్కి లాగింది. తీగతాళ్లు బిగిశాయి. క్యాబిన్ ముందుకు వంగింది. బరువు ఎత్తినప్పుడల్లా వంగుతుంది. కానీ ఈసారి వంగిన తీరు వేరు. నిలువుగా దిగాల్సిన బరువు ఎవరో అవతలినుంచి పట్టుకుని లాగుతున్నట్టు వచ్చింది. కుర్చీలోంచి నడుముకు తెలిసింది. గోడ ఇంకా లారీ మీద నుంచి లేవలేదు. ఒక మూల మాత్రం గీసుకుంటూ కదిలింది.

గొలుసు, అనుకుంది ఆమె. ఒకటి విప్పలేదు.

వెంటనే ఇంకో మాట వచ్చింది. అది భర్త గొంతుతో వచ్చింది. నీకు అలా అనిపించిందంతే.

ముందున్న తెరమీద బరువు సూచీ మామూలుగానే ఉంది. రేడియో, "ఎత్తక్కా, ఎత్తు, బాగానే ఉంది" అంటున్నాడు. బొటనవేలు ఎత్తినవాడు బొటనవేలు ఇంకా ఎత్తే ఉంచాడు. అందరూ ఒక మాట మీద ఉన్నారు. తాను ఒక్కతే ఇంకో మాట మీద ఉంది. ఆమె చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది.

"ఆపుతున్నాను" అంది.

"ఏమైందక్కా?"

ఆమె మీట ముందుకు నెట్టింది. తాళ్లు వదులయ్యాయి. గోడ మూల మళ్లీ లారీ మీద కూర్చుంది.

ఆ సైటులో మేస్త్రీ పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. ఆపు అని ఎవరైనా అనవచ్చు. ఊడ్చేవాడైనా, టీ తెచ్చేవాడైనా. అన్నాక, ముందు బరువు దించాలి, ఎందుకని తరువాత అడగాలి. ఇంకొకటి కూడా ఉంది. ఆపినవాళ్లు ఎవరో, మళ్లీ మొదలుపెట్టమని చెప్పాల్సిందీ వాళ్లే. మేస్త్రీ అయినా వాళ్ల తరఫున చెప్పకూడదు. ఎవరో ఒక పెద్దమనిషి "ఏం ఫరవాలేదు కానివ్వండి" అన్నందుకే ఘోరాలు జరుగుతాయని అతని నమ్మకం. ఎక్కడ చూసి నేర్చుకున్నాడో ఎప్పుడూ చెప్పలేదు.

మేస్త్రీ నడుచుకుంటూ లారీ దగ్గరికి వచ్చాడు. తన నడుముకున్న వాకీటాకీ తీసుకుని ఏం తెలిసిందని అడిగాడు. గొలుసు ఉండిపోయినట్టుందని ఆమె చెప్పింది. అతను పైకెక్కాడు. ఒక్కో గొలుసూ చేత్తో పట్టుకుని చూశాడు. వంగి గోడ కింద చూశాడు. లారీ మీది ఇద్దరిని చెరోవైపూ పంపి చూడమన్నాడు. పైనుంచి ఆమెకు ముగ్గురి హెల్మెట్లూ, వాళ్ల నీడలూ కనపడుతున్నాయి. ఉండాలి, ఒక్క గొలుసైనా ఉండాలి అనుకుంటోంది. తరువాత ఆ కోరికకు సిగ్గుపడింది. గొలుసు ఉండిపోవాలని ఏ క్రేను మనిషి కోరుకుంటుంది?

మేస్త్రీ నడుము నిటారుగా చేసుకున్నాడు.

"గొలుసులన్నీ విప్పే ఉన్నాయమ్మా. కింద కూడా ఏమీ పట్టుకోలేదు."

రేడియో గొంతు ఆ వెనకే వచ్చింది. "కొండను తవ్వి ఎలుకను పట్టామక్కా. ఎలుక కూడా లేదు." ఎవరో నవ్వారు. మేస్త్రీ వాడి చేతిలోంచి వాకీటాకీ లాక్కోవడం పైనుంచి కనిపించింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పందెం అయిపోయింది. చెయ్యి అబద్ధం చెప్పింది. ఈపాటికి అన్నయ్య బయలుదేరి ఉంటాడు, భర్తతో కలిసి. మధ్యాహ్నం ఇద్దరం వచ్చి నీ పని చూస్తామని అన్నయ్య పొద్దున్నే చెప్పాడు. దిగి వెళ్లి వాళ్ల ముందు నిలబడాలి. మీరు చెప్పిందే నిజం అనాలి. అతను తల నిమురుతాడు.

కింద ఎవరూ కదలడం లేదు. ఎందుకు కదలడం లేదో ఆమెకు కాసేపటికి గాని తట్టలేదు. వాళ్లు తన మాట కోసం ఆగి ఉన్నారు. ఆపింది తను. లారీ, గోడ, ఇద్దరు మనుషులు, మేస్త్రీ, వెనక వరుసలో ఇంకో లారీ, అంతా తను చెబితేనే కదలాలి. "పోనీలే" అనేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

"మేస్త్రీ గారూ, మీరే చెప్పండి" అంది.

"నేను చెప్పకూడదమ్మా." గొంతులో విసుగు లేదు, బుజ్జగింపూ లేదు. "నీకు తెలిసింది అబద్ధమని నేను అనలేదు. గొలుసు లేదన్నాను. మరి తెలిసిందేమిటి? చూసుకో. మేం ఆగుతాం."

ఎండ కాబోలు, లారీ మీది ఇద్దరూ గోడ నీడలోకి జరిగి కూర్చున్నారు. వెనక లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మేస్త్రీ అటు తిరిగి ఏదో అన్నాడు. హారన్ ఆగింది.

తెలిసిందేమిటి? ఆమె కళ్లు మూసుకుని, నడుముకు తెలిసినదాన్ని మళ్లీ తలుచుకుంది. నిలువుగా కాదు, పక్కకు. గోడ కదిలింది ఎటు? అవతలికి కాదు. గొలుసు పట్టుకుని ఉంటే అసలు కదలకూడదు. కదిలింది తన వైపు. క్రేను వైపు. అంటే గోడను ఎవరో అవతలికి లాగలేదు. తనే ఇవతలికి లాగింది.

కళ్లు తెరిచి హుక్కు వైపు చూసింది. సరిగ్గా గోడ నడిమి మీద ఉన్నట్టే కనపడుతోంది. అక్కడే ఉంది చిక్కు. క్యాబిన్‌లోంచి చూసే చూపు ఏటవాలుగా పడుతుంది. హుక్కు గోడ నడిమి మీద ఉన్నట్టు కనపడిందంటే, నిజానికి ఇంకా ఇవతలే ఉందని అర్థం. కనపడినదానికి కొంత కలిపి ట్రాలీని ముందుకు పంపాలి. నేర్చుకునే రోజుల్లో మొదటి వారమే చెబుతారు. ఆ తరువాత ఎవరూ చెప్పరు, చెయ్యే కలుపుకుంటుంది. ఏడేళ్లు పైకి ఎక్కకపోతే చెయ్యి మరిచిపోతుంది. తేలిక కట్టలతో పొద్దుట్నుంచీ గడిచిపోయింది. గోడ బరువు ఒప్పుకోలేదు.

ఆమె ఆ సంగతిని మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి నడిపించి చూసింది. ఎక్కడా తెగలేదు. తప్పు తనదే. అది జరిగిన చోటు అదిగో, కళ్లముందే ఉంది. ఎందుకు జరిగిందో తెలుసు. ఎలా దిద్దాలో తెలుసు. అంత దగ్గరగా తన తప్పును తను చూసి ఎన్నాళ్లయిందో ఆమె చెప్పలేకపోయింది. ఇన్నేళ్లుగా ఆమె మోసిన తప్పుల్లో ఒక్కటికీ చోటు లేదు, కారణం లేదు. ఎప్పుడు చేసిందో తనకే తెలియదు. అతను చెబితేనే తెలిసేది.

చెయ్యి అబద్ధం చెప్పలేదు. చెయ్యి చెప్పినదానికి తను తప్పు అర్థం చెప్పుకుంది. ఆ రెండూ ఒకటి కాదు. ఇంత చిన్న తేడా మీద తనను తానే పందెం కాసుకోవడం ఏమిటని ఆమెకు తన మీద కోపం వచ్చింది. ఆ కోపం రావడం బాగుంది.

"మేస్త్రీ గారూ. హుక్కు ఇవతల ఉంది. నేను సరిచూసుకోలేదు. తప్పు నాది."

ఆమె ఎదురుచూసింది. తప్పు నాది అన్నాక ఏదో ఒకటి రావాలి. అది ఏ రూపంలో వస్తుందో ఆమె వెన్నుకు తెలుసు.

"ఎంత ఇవతల?" అన్నాడు మేస్త్రీ.

"ఒక మూర ఉంటుంది."

"జరుపు మరి." తరువాత రేడియోకు వాకీటాకీ తిరిగి ఇస్తూ అన్న మాట కూడా వినపడింది. "పక్కన నిలబడి హుక్కు చూడాల్సినవాడివి నువ్వు. నువ్వు చూశావా?"

"లేదు మేస్త్రీ. మాట్లాడుతున్నాను."

"అదే కదా."

ఆమె ట్రాలీని ముందుకు పంపింది. రేడియో ఈసారి పక్కకు వెళ్లి, వంగి చూసి, నడిమికి వచ్చిందని చెప్పాడు. లారీ మీది ఇద్దరూ నీడలోంచి లేచి దూరం జరిగారు. ఆమె వాళ్లను చూసింది. తాళ్లను చూసింది.

"మొదలుపెడుతున్నాను" అంది.

తాళ్లు బిగిశాయి. క్యాబిన్ ముందుకు వంగింది, ఈసారి బరువు నిలువుగా వచ్చింది. గోడ లారీని వదిలి లేచింది. పక్కకు ఊగలేదు. ఐదో అంతస్తులో కాచుకుని ఉన్నవాళ్లు దాన్ని చేతులతో అందుకుని కూర్చోబెట్టేదాకా ఆమె మీట మీంచి చెయ్యి తీయలేదు. బెల్టులు విప్పాక మేస్త్రీ ఒక్కటే అడిగాడు.

"మళ్లీ అనుమానం వస్తే?"

"మళ్లీ ఆపుతాను."

"సరే" అన్నాడు.

భోజనాల గంట కొట్టేసరికి మూడు గోడలు లేచాయి. ఆమె దిగి వచ్చేటప్పటికి గేటు దగ్గర అన్నయ్య, భర్త నిలబడి ఉన్నారు. రేడియో వాళ్లతో మాట్లాడుతున్నాడు. వాడు ఎవరితోనైనా మాట్లాడతాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి వాడి నోట్లోంచి "ఎలుక కూడా లేదు" అన్న ముక్క వినపడింది. భర్త నవ్వుతున్నాడు. చుట్టాల ముందు నవ్వినట్టే.

"అలిసిపోయావు" అన్నాడు ఆమెతో. "పద. నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నావు కదా. అందుకే బావగారిని తీసుకుని వచ్చాను."

అన్నయ్య ఆమె వైపు చూశాడు. "చేశావటమ్మా? నాకు చెప్పలేదే."

నిన్న సాయంత్రం. ఆమె మనసు అలవాటుగా అటు పరుగెత్తింది. నిన్న సాయంత్రం వదినతో కూర్చుని బట్టలు మడతపెట్టింది. ఫోన్ ఎక్కడుంది? బల్ల మీదా? తీసిందా? పరుపు మీద వాలినప్పుడు, నిద్ర పట్టేముందు, ఏమైనా... బుర్రలో జ్ఞాపకాల అంచులు చెరిగిపోవడం మొదలైంది. అది ఎలా మొదలవుతుందో ఆమెకు తెలుసు.

ఆమె ఆ తప్పు జరిగిన చోటు కోసం వెతికింది. ఏ గదిలో? ఏ మాటలతో? ఎందుకు చేస్తుంది? ఎంత వెతికినా చోటు దొరకలేదు. దొరకకపోతే అది లేదు.

"నేను చేయలేదు" అంది.

"గుర్తులేదంటావా?" అతను గొంతు తగ్గించాడు. "ఫరవాలేదు. అలాగే అవుతుంది."

"గుర్తుంది. చేయలేదు."

అతను ఆమెను వదిలి అన్నయ్య వైపు తిరిగాడు. "చూశారా బావగారూ. పొద్దున కూడా ఇంతేనట. ఏమీ లేనిదానికి పనంతా ఆపేసిందట. ఈ అబ్బాయే చెప్పాడు. నేను చెబితే మీరు నమ్మలేదు."

రేడియో ముఖం మాడిపోయింది. "అంటే, నేను ఊరికే సరదాకి..." అన్నాడు. ఆ తరువాత ఏం అనాలో వాడికి మొదటిసారి తెలియలేదు.

"అది నిజమే అన్నయ్యా" అంది ఆమె. "హుక్కు సరిగా పెట్టలేదు. గొలుసు పట్టిందనుకుని ఆపాను. గొలుసు లేదు. తప్పు నాదే, నేనే సరిచేసుకున్నాను. ఇంకెన్ని తప్పులు చేస్తానో తెలియదు. కానీ చేసినవి చేశానని నేను చెబుతాను. ఫోన్ చేయలేదు."

అన్నయ్య నిదానం మనిషి. చెల్లెలి ముఖం చూశాడు, బావగారి ముఖం చూశాడు. తరువాత అడిగాడు, మర్యాదగానే.

"బావగారూ, ఆ ఫోన్ ఒకసారి చూపిస్తారా?"

"అంటే నన్ను నమ్మరా?"

"నమ్మకం సంగతి కాదు. చూపిస్తే అయిపోతుంది కదా."

భర్త చెయ్యి జేబు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

"వద్దన్నయ్యా" అంది ఆమె. "చూపించక్కర్లేదు. చేయలేదని నాకు తెలుసు."

భర్త ఆమె వైపు చూశాడు. ఎప్పుడూ చూసే చూపే. చాలాసేపు చూసి, జాలిపడి, మాట దాచుకునే చూపు. ఆమె దాన్ని చివరిదాకా చూసింది. అతనే ముందు కళ్లు తిప్పుకుని, ఎండగా ఉంది, మీరు తరువాత తీరిగ్గా మాట్లాడండి బావగారూ, నేను కారులో ఉంటాను అని వెళ్లిపోయాడు.

అన్నయ్య వెంటనే అతని వెనక నడవలేదు. చెల్లెలి వైపు తిరిగి అడిగాడు.

"సాయంత్రం ఇంటికి వస్తావుగా?"

"వస్తాను. ఆయన ఉంటే రాను."

"ఉండడు" అన్నాడు అన్నయ్య.

ఆమె తలూపి, అన్నం తినడానికి లోపలికి నడిచింది. ఆకలి వేస్తోంది. షెడ్డులో బల్ల చివర కూర్చున్న ముసలి తాపీ పనివాడు ఆమెను చూసి జరిగి చోటిస్తూ, పైనక్క కిందికొచ్చింది, వాన పడుతుందేమో చూడండ్రా అన్నాడు. నవ్వినవాళ్లలో ఆమె కూడా ఉంది.